చలికాలంలో సైకిల్ మీద ఏం వేసుకోవాలి: చలి కన్నా చెమటతోనే అసలు పేచీ

డిసెంబరు తెల్లవారుజామున హైదరాబాద్‌లో 12 డిగ్రీలు ఉందనుకుందాం. బండి మీద డ్యూటీకి పోయే మనిషి జర్కిన్, మంకీ క్యాప్, మఫ్లర్ వేసుకుంటే అతనికి హాయిగా ఉంటుంది. అవే వేసుకుని సైకిలెక్కితే నాలుగైదు కిలోమీటర్లు దాటేసరికి వీపు తడుస్తుంది. మరో పది కిలోమీటర్లు పోయి చాయ్‌కి ఆగితే పళ్లు టకటకలాడతాయి. బట్టలు చాల్లేదనుకుని మర్నాడు ఇంకో స్వెట్టర్ తగిలిస్తారు. దాంతో చెమట ఇంకా ఎక్కువ పడుతుంది, ఆగాక వణుకూ ఇంకా ఎక్కువవుతుంది. చలికాలంలో సైకిల్ తీసినవాళ్లలో చాలామంది తిరిగి మానేసేది ఇక్కడే.

ఈ తికమక విడిపోవాలంటే ముందు ఒంట్లో పుట్టే వేడిని లెక్కగట్టాలి. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది. బండి నడిపేవారిదీ దానికి కాస్త ఎక్కువ, అంతే. సైకిల్ తొక్కేవారి కథ వేరు. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతుకు మించి పెడళ్లకు చేరదు, మిగతాదంతా వేడే. పెడళ్ల మీద 150 వాట్లు పెడుతూ ఓ మోస్తరు వేగంతో వెళ్లేవారి ఒంట్లో 450 నుంచి 600 వాట్ల దాకా వేడి పుడుతుంది. తీరిగ్గా 12, 15 కిలోమీటర్ల వేగంతో ఆఫీసుకో బడికో వెళ్లేవారికి అందులో సగం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి ఒకే ఉదయం, ఒకే రోడ్డు మీద, ఇద్దరు సైక్లిస్టులకు ఒకే బట్టలు పనికిరావు. ఎవరో వేసుకున్నది చూసి కొనే ముందు వాళ్లు ఎంత వేగంతో తొక్కుతారో చూడండి.

దీన్నుంచి పుట్టిన సూత్రం ఒకటుంది. గేటు దగ్గర నిలబడ్డప్పటి చలికి బట్టలు వేసుకోకూడదు, పదిహేనో నిమిషం నాటికి ఒళ్లు ఎలా ఉంటుందో దానికి వేసుకోవాలి. గట్టిగా తొక్కేవారు బయట ఉన్నదానికంటే 6, 8 డిగ్రీలు ఎక్కువ ఉన్నట్టు ఊహించుకుని బట్టలు ఎంచుకుంటే దాదాపు సరిపోతుంది. మొదటి పది నిమిషాలు కాస్త చలిగా అనిపించాలి. బయల్దేరేటప్పుడే వెచ్చగా ఉంటే ఒక పొర ఎక్కువైనట్టు. పావుగంట దాటినా చలి తగ్గకపోతే ఒక పొర తక్కువైనట్టు.

గాలి ఎక్కడ తగులుతుంది

సైకిల్ మీద గాలిని మనమే పుట్టించుకుంటాం. ఆకు కదలని ఉదయం కూడా 25 కిలోమీటర్ల వేగంతో వెళితే 25 కిలోమీటర్ల గాలి ఎదురు కొడుతుంది. చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండే పలచని వెచ్చటి గాలి పొరను అది ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001లో తెచ్చిన విండ్ చిల్ సూత్రం (గాలి వల్ల చలి ఎంత ఎక్కువగా తోస్తుందో చెప్పే లెక్క) ప్రకారం, 25 కిలోమీటర్ల గాలిలో 10 డిగ్రీలు 7 డిగ్రీల్లా తోస్తుంది. 5 డిగ్రీలైతే సున్నాకు దగ్గరగా, సున్నా అయితే మైనస్ 6 లాగా ఉంటుంది. ఆ సూత్రం నడిచే మనిషి మొహాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టింది. పైగా అందులో గాలివేగం పది మీటర్ల ఎత్తున కొలిచినది. సైకిల్ మీద గాలి నేరుగా ఒంటికే తగులుతుంది కనుక వాస్తవంలో ఇంకాస్త చల్లగానే ఉంటుంది.

ఈ గాలి ఒళ్లంతా సమంగా తగలదు. ఛాతీ, తొడల ముందుభాగం, మోకాళ్లు, వేళ్ల కణుపులు, కాలివేళ్లు, నుదురు, చెవులు దెబ్బతింటాయి. వీపుకి గాలి తగలదు, కానీ చెమట ఎక్కువ పట్టేది అక్కడే. అందుకే సైక్లింగ్ కోసం కుట్టిన మంచి జాకెట్‌లో ముందువైపు గాలి దూరని గుడ్డ, వెనకవైపు జాలీ లేదా పలచని గుడ్డ ఉంటాయి. కొనేటప్పుడు ధరకన్నా ముందు చూడాల్సింది ఇదే. ముందూ వెనకా ఒకే మందంతో ఉన్న జాకెట్ నడకకు కుట్టినది.

చర్మానికి తగిలే పొర

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే, సరిదిద్దుకోవడం తేలికా ఇక్కడే. మనం రోజూ వేసుకునే కాటన్ బనియన్ చలికాలం సైక్లింగ్‌కి పనికిరాదు. మామూలు తేమ ఉన్న గాలిలో నూలు తన బరువులో దాదాపు 8 శాతం నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఊలు 16 శాతం దాకా పట్టుకుంటుంది. పాలిస్టర్ పట్టుకునేది 0.4 శాతమే. అలాగైతే నూలు కంటే ఊలు అధ్వాన్నం కావాలి కదా అనిపిస్తుంది. కానీ ఊలు పోగు తేమను తన లోపలికి పీల్చుకుని, పైన పొడిగా ఉండి, ముడతల మధ్య గాలిని అలాగే నిలుపుకుంటుంది. నూలు తడిస్తే అణిగిపోయి చర్మానికి అతుక్కుంటుంది, గాలి ఖాళీలన్నీ నీటితో నిండుతాయి. కదలని గాలి కంటే నీరు వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది.

ఇక ఆరేటప్పుడు జరిగేది మట్టికుండలో నీళ్లు చల్లబడే పనే. ఒక గ్రాము చెమట ఆవిరవ్వాలంటే దాదాపు 2.4 కిలోజౌళ్ల వేడి కావాలి. బనియన్‌లో 100 గ్రాముల చెమట ఉంటే 240 కిలోజౌళ్లు. చాయ్ కొట్టు ముందు కూర్చున్న మనిషి ఒంట్లో 40 నిమిషాల్లో పుట్టే వేడి మొత్తం అంత. అందులో పెద్ద భాగం ఒంటి నుంచే పోతుంది. అప్పటిదాకా 500 వాట్లు పుట్టించిన ఒళ్లు ఆగగానే 100 వాట్లకు పడిపోతుంది, ఆరుతున్న బట్ట మాత్రం తన వాటా అడగడం ఆపదు. ఆగాక వచ్చే వణుక్కి కారణం ఇదే.

లోపలి పొర ఒంటికి అతుక్కుని ఉండాలి, వదులుగా ఉంటే చెమటను లాగలేదు. పలచని పాలిస్టర్ లేదా పాలిప్రొపిలీన్ బేస్ లేయర్ మన చలికి చాలు. ఫుట్‌బాల్ ఆడేవాళ్లు వేసుకునే బిగుతు పాలిస్టర్ టీషర్ట్ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే వాసన త్వరగా పడుతుంది. మెరినో ఊలు వాసన పట్టదు, తడిసినా వెచ్చగా ఉంటుంది, కానీ ఖరీదు. తీసుకుంటే 150 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 150 గ్రాముల బరువున్నది చాలు. 200, 250 జీఎస్ఎం గుడ్డలు గడ్డకట్టే చలికి.

బట్టల షాపుల్లో జతగా అమ్మే థర్మల్స్ చాలావరకు కాటన్ కలిసినవి. ఇంట్లో కూర్చోవడానికీ రాత్రి ప్రయాణాలకీ బాగుంటాయి, సైకిల్‌కి కాదు. కాలర్ లోపలి లేబుల్ మీద కాటన్ శాతం చూసి గానీ కొనకండి. ఆడవాళ్లు ఇంకోటి గమనించాలి: బేస్ లేయర్ ఎంత మంచిదైనా దాని కింద కాటన్ బ్రా ఉంటే అది తడిసి ఛాతీ మీద చల్లటి పట్టీలా ఉండిపోతుంది. మందపాటి కప్పులు లేని పాలిస్టర్ స్పోర్ట్స్ బ్రా వాడాలి.

మధ్య పొర, పై పొర

మధ్య పొర పని గాలిని నిలిపి ఉంచడం. లోపల నూగుతో ఉండే పొడుగుచేతుల జెర్సీ గానీ పలచని ఫ్లీస్ (నూగున్న మెత్తటి పాలిస్టర్ గుడ్డ) గానీ చాలు. ఇంట్లో ఉన్న ఊలు స్వెట్టర్ కూడా పనికొస్తుంది, దాని మీద గాలిని ఆపే పొర ఒకటి ఉంటే. ముందు పూర్తి పొడవు జిప్పు ఉండటం ఏ బ్రాండ్ పేరు కన్నా ముఖ్యం. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాభి దాకా జిప్పు దించి, దిగేటప్పుడు గొంతు దాకా లాగడం ఒక్కటి అలవాటైతే ఒక పొర బట్టలు తగ్గించవచ్చు.

పై పొరకి మన ప్రాంతంలో పలచని విండ్‌చీటర్, లేదా చేతుల్లేని విండ్‌చీటర్ దాదాపు అన్నిటికీ సరిపోతుంది. మడిస్తే జెర్సీ వెనక జేబులో పట్టాలి. షాపులోనే పరీక్షించవచ్చు: ఛాతీ భాగం గుడ్డను నోటికి గట్టిగా ఆనించి ఊదండి. అవతల పెట్టిన అరచేతికి గాలి సులువుగా తగిలితే అది విండ్‌చీటర్ అనిపించుకోదు. కొద్దిగా, కష్టపడి దాటితే సైకిల్‌కి శ్రేష్ఠం. అసలే దాటకపోతే చెమట లోపలే నిలుస్తుంది, అలాంటిదానికి వీపు మీదో చంకల కిందో గాలి దారులు ఉన్నాయేమో చూడండి.

రెయిన్‌కోటు వేసుకుని చలిని ఆపాలనుకోవడం తరచూ కనిపించే పొరపాటు. ప్లాస్టిక్ కోటైతే చెప్పనక్కర్లేదు. ఖరీదైన వాటర్‌ప్రూఫ్ జాకెట్లు కూడా ఆవిరిని నెమ్మదిగానే బయటికి పంపుతాయి. గట్టిగా తొక్కేటప్పుడు చెమట అంతకంటే వేగంగా పుడుతుంది, చల్లబడిన జాకెట్ లోపలివైపు తాకి మళ్లీ నీరవుతుంది. తెలంగాణలో చలికాలం పొడిగా ఉంటుంది కాబట్టి వాన జాకెట్ అవసరం అరుదు. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వాన డిసెంబరులోనూ పడుతుంది. అక్కడివారు చంకల కింద జిప్పులున్న వాన జాకెట్ తీసుకోవడం సబబు. దూదిలా ఉబ్బిన పఫర్ జాకెట్ తొక్కేటప్పుడు వద్దు, ఆగినప్పుడు పైన వేసుకోవడానికి మాత్రం అంతకు మించినది లేదు.

చేతులు, కాళ్లు, తల

చేతుల్ని అశ్రద్ధ చేయకూడదు. చలికి వేళ్లు మొద్దుబారితే బ్రేకు లివర్‌ని ఎంత గట్టిగా నొక్కుతున్నామో తెలియదు, అది సుఖానికి సంబంధించిన విషయం కాదు, ప్రమాదం. ఒంటి నడిభాగం చల్లబడగానే శరీరం ముందు వేళ్లకు వెళ్లే రక్తనాళాల్ని ముడుస్తుంది. కనుక ఛాతీకి గాలి తగులుతుంటే ఎంత మంచి గ్లవ్స్ వేసినా వేళ్లు వెచ్చబడవు. ముందు విండ్‌చీటర్, తర్వాత గ్లవ్స్.

14 డిగ్రీల కింద నిండు వేళ్ల గ్లవ్స్ ఉండాలి. పైభాగం గాలి ఆపేదిగా, అరచేయి వైపు జారని పలచని గుడ్డగా ఉండాలి. వేసుకుని చూసేటప్పుడు చెయ్యి చాచి చూడొద్దు, హ్యాండిల్ పట్టుకున్నట్టు వేళ్లు ముడిచి చూడండి. అప్పుడు వేలికొస దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి, వేళ్ల మధ్య సందుల్లో గుడ్డ లాగకూడదు. బిగుతైన గ్లవ్ లోపల గాలీ ఉండదు, రక్తమూ సరిగా ఆడదు. అలాగని మరీ లావుపాటి గ్లవ్స్‌తో గేరు లివర్ దొరకదు. బండి గ్లవ్స్‌తో సైక్లిస్టులు పడే ఇబ్బంది అదే.

కాళ్ల విషయంలో అందరూ ముందు చేసేది రెండు జతల సాక్సులు తొడగడం. బూటు సైజు మారకుండా రెండో జత వేస్తే పాదం నొక్కుకుపోయి రక్తప్రసరణ తగ్గుతుంది, వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఒకే జత, ఊలు కలిసినది, బూటులో వేళ్లు కదిలేలా ఉంటే చాలు. సైక్లింగ్ బూట్లకు గాలి రావడానికే ముందు జాలీ పెడతారు. చలికాలంలో దాన్ని లోపలివైపు నుంచి టేపుతో మూసేయండి, లేదా వేళ్ల మీద తొడిగే టో కవర్లు కొనండి. క్లీట్ (పెడల్‌లో బిగుసుకునే ముక్క) ఉన్న బూట్లలో సోల్‌కి బిగించిన ఆ ఇనుప ముక్కలు పాదం కింది నుంచి చలిని పైకి తెస్తాయి, ఇన్‌సోల్ కింద పలచని ఫోమ్ ముక్క వేస్తే తగ్గుతుంది.

మోకాళ్ల దగ్గర కండ తక్కువ, గాలి ఎక్కువ. 15 డిగ్రీల కింద వాటిని కప్పి తొక్కడం మంచిది. షార్ట్స్‌తో పాటు నీ వార్మర్లు, అంటే మోకాళ్లకు తొడిగే గుడ్డ గొట్టాలు, ఉంటే ఎండ ఎక్కాక తీసి జేబులో పెట్టుకోవచ్చు. ఏడున్నర, ఎనిమిదికల్లా వెచ్చబడే మన ఉదయాలకు నిండు టైట్స్ కన్నా ఇవే నయం. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల చలికని ఇంకో డ్రాయర్ వేయకండి, కుట్ల దగ్గర ఒరుసుకుని పుండ్లు పడతాయి. మామూలు ప్యాంటుతో వెళ్లేవారు చెయిన్ వైపు కాలి అంచును సాక్సులో దోపండి. మఫ్లర్, చున్నీ కొసలు కూడా బట్టల లోపల ఉండాలి. చక్రంలో చిక్కితే మెడకే ముప్పు.

తలకి మంకీ క్యాప్ ఎందుకు వద్దంటే, దాని మందం హెల్మెట్‌ని పైకి ఎత్తేస్తుంది. పట్టీ బిగించినా హెల్మెట్ ఊగుతుంటుంది, పడితే పక్కకి జారుతుంది. హెల్మెట్ కిందకి చెవులు కప్పే పలచని స్కల్ క్యాప్, మెడకి గొట్టంలా తొడిగే పలచని గుడ్డ, అంటే బఫ్, ఈ రెండూ చాలు. అవి వేసుకున్నాక హెల్మెట్ వెనక డయల్‌ని మళ్లీ సరిచూసుకోండి. ఆస్తమా ఉన్నవారు బఫ్‌ని ముక్కు మీదికి లాక్కుంటే లోపలికి వెళ్లే గాలి కాస్త వెచ్చబడి తేమగా ఉంటుంది. అద్దాలు పెట్టుకునేవారికి మాత్రం అలా చేస్తే మసక కమ్ముతుంది, అప్పుడు ముక్కు వదిలి నోటి మీద ఉంచుకోవాలి.

ఎన్ని డిగ్రీలకు ఏమిటి

ఓ మోస్తరు వేగంతో తొక్కేవారికి చెబుతున్నది, నెమ్మదిగా వెళ్లేవారు ఒక పొర కలుపుకోవాలి. 15 నుంచి 18 డిగ్రీలు ఉంటే మామూలు జెర్సీ, చేతులకు ఆర్మ్ వార్మర్లు చాలు. 10 నుంచి 14 అంటే హైదరాబాద్, వరంగల్‌లలో బాగా చలి పడిన ఉదయాలు: బేస్ లేయర్, పొడుగుచేతుల జెర్సీ, చేతుల్లేని విండ్‌చీటర్, నీ వార్మర్లు, నిండు గ్లవ్స్. నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వేసిన సోలార్ పైకప్పు ట్రాక్ మీదా, గండిపేట చెరువు పక్కనా గాలికి అడ్డు తక్కువ. ఊళ్లో ఇళ్ల మధ్య చాలిన బట్టలు అక్కడ చాలవు.

5 నుంచి 9 డిగ్రీలు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో జనవరికి కొత్త కాదు. అప్పుడు మధ్యన ఫ్లీస్, పైన నిండు చేతుల విండ్‌చీటర్, కాళ్లకు లోపల నూగున్న టైట్స్, టో కవర్లు, స్కల్ క్యాప్ కావాలి. లంబసింగి, చింతపల్లి, పాడేరు వైపు కొన్ని రోజుల్లో 5 కిందికీ పడిపోతుంది. అక్కడ మంచు తుంపర బట్టల మీద తడిగా కూడా చేరుతుంది కనుక పై పొర నీటిబొట్లను జారవిడిచే గుడ్డయితే మేలు.

ఘాట్ రోడ్డు ఈ లెక్కలన్నిటినీ తలకిందులు చేస్తుంది. శృంగవరపుకోట (ఎస్.కోట) నుంచి అనంతగిరి మీదుగా అరకు దారి మిమ్మల్ని వెయ్యి మీటర్లు దాటి ఎక్కిస్తుంది. ఎక్కేటప్పుడు వేగం 8, 10 కిలోమీటర్లు, గాలి లేదు, వేడి గరిష్ఠం. దిగేటప్పుడు పెడల్ తిప్పరు, వేడి పుట్టదు, గాలి 40, 50 కిలోమీటర్లు. విండ్ చిల్ లెక్కలో 50 కిలోమీటర్ల గాలికి 5 డిగ్రీలు మైనస్ 1 లా తోస్తుంది, ఒంటి మీద తడి బట్ట దానికి అదనం. అందుచేత ఎక్కడం మొదలు కాకముందే విండ్‌చీటర్ తీసి జేబులో పెట్టండి, చెమట పట్టాక తీస్తే లాభం లేదు. జిప్‌లాక్ కవరులో పొడి బేస్ లేయర్ ఒకటి ఉంచుకుని, పైకి చేరి ఆగిన రెండు నిమిషాల్లోపే, ఒళ్లు ఇంకా వేడిగా ఉండగానే మార్చుకోండి. పొడి బట్ట లేకపోతే దినపత్రిక రెండు మడతలు జెర్సీ కింద ఛాతీ మీద పెట్టుకోవడం యూరప్ కొండల్లో పందెగాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పని. కాగితం గాలినీ ఆపుతుంది, కొంత చెమటనూ పీలుస్తుంది.

సున్నా కిందికి వెళితే

చికాగో, మినియాపొలిస్, టొరంటో లాంటి చోట్లకు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు ముందు కొనేది మోకాళ్ల దాకా వచ్చే బరువైన పఫర్. బస్టాపులో నిలబడటానికి అది మంచిదే. దాంతో సైకిలెక్కితే మొదటి పేరాలో చెప్పిన జర్కిన్ కష్టాలే, మరింత ప్రమాదకరంగా. మైనస్ పదిలో తడిసిన బట్టతో ఆగిపోతే, లేదా దారిలో పంక్చర్ పడితే, కొద్దిసేపట్లోనే ఒళ్లు స్వాధీనం తప్పుతుంది.

అక్కడ సూత్రం అదే, సామాను మారుతుంది. లోపల 200 జీఎస్ఎం మెరినో, మధ్యన ఫ్లీస్, పైన గాలి ఆపే సాఫ్ట్‌షెల్ జాకెట్. గ్లవ్స్‌కి బదులు హ్యాండిల్‌కే తొడిగే బార్ మిట్స్ వాడితే లోపల పలచని గ్లవ్స్‌తో బ్రేకులు చక్కగా పట్టుకోవచ్చు, మైనస్ ఉష్ణోగ్రతల్లో పెట్టిన డబ్బు ఇంతకు మించి సార్థకమయ్యే వస్తువు మరొకటి లేదు. క్లీట్ బూట్లు పక్కన పెట్టి, వెడల్పు పెడళ్లు, ఒక సైజు పెద్ద బూట్లు, ఊలు సాక్సులు వాడాలి. మైనస్ 18లో 25 కిలోమీటర్ల వేగమంటే విండ్ చిల్ దాదాపు మైనస్ 29. కెనడా వాతావరణ శాఖ లెక్కలో అక్కడి నుంచి బయట ఉన్న చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే అవకాశం ఉంది. ముక్కు, బుగ్గలు కప్పాలి, కళ్లకు స్కీ గాగుల్స్ పెట్టాలి. బుగ్గ మీద తెల్లటి మచ్చ పడి స్పర్శ తెలియకపోతే వెంటనే లోపలికి వెళ్లండి, రుద్దకండి.

ఉతకడం గురించి ఒక్క మాట. ఫాబ్రిక్ కండిషనర్ పాలిస్టర్ పోగుల మీద పొరలా పేరుకుని చెమటను లాగే గుణాన్ని పాడుచేస్తుంది, విండ్‌చీటర్ మీద నీటిబొట్లు జారే పూతనూ దెబ్బతీస్తుంది. చల్లటి నీరు, తక్కువ సబ్బు, నీడలో ఆరబెట్టడం చాలు. ప్యాడ్ ఉన్న షార్ట్స్ మాత్రం తిరగేసి ఎండలో ఆరేయండి.

అన్నీ ఒకేసారి కొనలేకపోతే ముందు కాటన్ బనియన్ మానేసి పాలిస్టర్ బేస్ లేయర్ ఒకటి తీసుకోండి, ఆపైన విండ్‌చీటర్, ఆపైన గ్లవ్స్. ఫ్లీస్, టైట్స్, టో కవర్లు వచ్చే చలికాలానికి ఆగవచ్చు. చీలమండలకు వెలుగుపడితే మెరిసే పట్టీలు మాత్రం మొదటి రోజే కొనండి: జనవరిలో హైదరాబాద్‌లో సూర్యోదయం ఆరూ ముప్పావు దగ్గరికి వస్తుంది, పైకీ కిందికీ కదిలే ఆ మెరుపు వెనక వచ్చే డ్రైవర్‌కి జాకెట్ రంగు కన్నా ముందు కనిపిస్తుంది.